చేతి నుంచి చేతికి: కిచెనర్‌లో ఒక బటాక్ బాకు

గుంటూరులో నేను చదువుకున్న కాన్వెంట్ లైబ్రరీలో, కిటికీ పక్కనున్న బీరువాలో, ఏ మదరో వదిలి వెళ్ళిన పాత బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది. అట్ట ఊడిపోయింది కాబట్టి దాని పేరు ఎవరికీ తెలియదు. వాన వల్ల ఆటలకి పంపని సాయంత్రాల్లో నేను దాన్నే తిరగేసేదాన్ని. అందులో ఒక పేజీ నిండా ఒక బాకు బొమ్మ. పిడి చివర ఒక చిన్న మనిషి, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, వాటి మీద చుబుకం ఆనించి కూర్చుని ఉంటాడు. కత్తి పిడి మీద ఉన్నవాడు కోపంగా ఉండాలి కదా అనుకునేదాన్ని. అతను మాత్రం బస్సు కోసం చూస్తున్నవాడిలా ఉండేవాడు. బొమ్మ కింద రెండే మాటలు: బటాక్, సుమత్రా. ఆ రెండు మాటలూ నాతో పాటు కెనడా వచ్చాయి.

బటాక్‌లు ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో, తోబా అనే పెద్ద సరస్సు చుట్టూ ఉన్న కొండల్లో ఉండే జనం. కత్తిని వాళ్ళు పిసో అంటారు. వాళ్ళ పాత బాకులకి కొమ్ముతోనో ఎముకతోనో చెక్కతోనో చెక్కిన పిడి, ఇత్తడి కట్లు వేసిన చెక్క ఒర ఉంటాయి. నేను టొరంటో దగ్గరి మిల్టన్‌కి వచ్చిన మొదటి చలికాలంలో, ఒక పాత సామాన్ల దుకాణంలో, వెన్న రాసే కత్తుల మధ్య ఒకటి దొరికింది. రెండోది ఊరి బయట ఆదివారం సంతలో, ఒర లేకుండా. రెండూ నా టౌన్‌హౌస్ గదిలో పుస్తకాల అరల మధ్య గోడకి ఉన్నాయి. రెండింటి మీదా ఆ కూర్చున్న మనిషి లేడు. ఇలాంటివి వెతికేవాళ్ళకి ఒక మాట: పర్యాటకుల కోసం చేసిన కొత్తవి చాలా తిరుగుతుంటాయి. ఎముకకి నల్లరంగు పూసి పాతదని అమ్ముతారు. పిడి పట్టుకునే చోట చూడండి. తరాలు పట్టుకున్న పిడి నున్నగా అరిగి ఉంటుంది. రంగు పూసిన దానికి అన్ని వైపులా ఒకే నలుపు.

ఆ మనిషి ఉన్న బాకు గురించి నాకు చెప్పింది హైమవతి ఆంటీ. కిచెనర్‌లో ఉంటారు, రిటైరైన సర్జన్, తెనాలి వారు. మేమిద్దరం ఏడాదిగా పోస్టులో తెలుగు నవలలు మార్చుకుంటున్నాం. అప్పటికి ఒకరినొకరం చూసుకోలేదు. ఒకసారి ఫోన్లో నా బాకుల సంగతి చెబితే, "అయ్యో, మా రొతువా దగ్గర అలాంటిదే ఉందమ్మా. పిడి మీద ఒకాయన దిగులుగా కూర్చుని ఉంటాడు," అన్నారు. రొతువా ఆంటీ బటాక్. హైమవతి ఆంటీ పనిచేసిన హాస్పిటల్లోనే నర్సుగా చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళ స్నేహం వాళ్ళది. మరుసటి నెల ఆమె కిచెనర్ వదిలి కాల్గరీలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారని కూతురు బాకు వద్దంది. మూడు వందల యాభై డాలర్లు అనుకున్నాం. కానీ మనిషిని చూశాకే ఇస్తానన్నారట. మంచివాళ్ళనిపించకపోతే తనతోనే తీసుకెళ్ళి డబ్బాలో పెట్టి తాళం వేసుకుంటారట. ఆ మాట విన్న దగ్గరి నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. కొత్తవాళ్ళకి మొదటి చూపులో నచ్చే అలవాటు నాకు లేదు.

మిల్టన్ నుంచి కిచెనర్ కారులో ముప్పావు గంట. కారు లేనివాళ్ళకి అది చాలా దూరం. మిల్టన్ రైలు టొరంటో వైపే వెళ్తుంది, అది కూడా శనివారం ఉండదు. బస్సులు మారుతూ వెళ్తే సగం రోజు అక్కడే అయిపోతుంది. నేను మా చర్చిలో సుధాకర్ అంకుల్‌ని అడిగాను. వాళ్ళావిడ వండిన కూరల డబ్బాలు ఆయన ప్రతి శనివారం కిచెనర్ పక్కనే ఉన్న వాటర్లూలో చదువుకునే తెలుగు పిల్లలకి ఇచ్చి వస్తారు. ఉదయం ఎనిమిదిన్నరకి వెళ్ళి, సాయంత్రం ఐదుకి తిరుగు ప్రయాణం. గ్యాస్‌కి ఇరవై డాలర్లు ఇస్తే పది వెనక్కి ఇచ్చారు.

"ఎస్తేరమ్మా, ముందు కూర్చుంటావా, వెనకా? వెనకైతే సాంబారు పట్టుకోవాలి. ముందైతే నా కబుర్లు వినాలి."

"సాంబారు పట్టుకుంటా అంకుల్."

"తెలివైనదానివి. మా ఆవిడా ఇదే అంటుంది."

ఫోర్ ఓ వన్ హైవే ఎక్కేసరికి పొగమంచు ఇంకా విడలేదు. అక్టోబరు చివరి వారం. పొలాల్లో మొక్కజొన్న కోసేశారు. మోళ్ళ మీద మంచు తెల్లటి ఉతికిన గుడ్డలా ఆరేసి ఉంది. ఎర్రబడిన మేపుల్ చెట్లు ఒక్కొక్కటే మంచులోంచి బయటికి వచ్చి, మమ్మల్ని చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోతున్నాయి. ఒళ్ళో సాంబారు గిన్నె వెచ్చగా ఉంది. కళ్ళు మూసుకుంటే ఆ వెచ్చదనం ఒక సరస్సు ఒడ్డున రాయిలా అనిపించింది. తోబా నేను చూడలేదు. అక్కడ ఎప్పుడూ ఉదయమే ఉంటుందని, ఆ సరస్సు ఎప్పుడూ ఇలాగే కాస్త కనిపించీ కనిపించకుండా ఉంటుందని అనుకునేదాన్ని.

"ఇంతకీ కిచెనర్‌లో ఏం పనమ్మా?"

"ఒక బాకు కొనాలి అంకుల్."

ఆయన అద్దంలో నన్నోసారి చూశారు. "కాన్వెంట్లో చదివిన పిల్లవి," అన్నారు. "ఎవరి మీదకమ్మా?"

"గోడ మీదకి."

"సరే. గోడైతే కేసు పెట్టదులే."

గ్రాండ్ రివర్ వంతెన దాటేటప్పుడు మంచు విడింది. కింద నీళ్ళు కదలకుండా, ఆకాశం రంగులో ఉన్నాయి. తొమ్మిదిన్నర దాటాక ఆయన నన్ను హైమవతి ఆంటీ గుమ్మం ముందు దింపి, సాంబారు గిన్నె తీసుకుని వెళ్ళిపోయారు. పొడవైన మెట్లు, మెట్లకి రెండు వైపులా ఎండిన చామంతి కుండీలు. తలుపు తీసిన ఆవిడ పొట్టిగా, తెల్లటి స్వెట్టరులో, చేతిలో నేను పంపిన నవలతో ఉన్నారు.

"రామ్మా. ఫోన్లో కన్నా సన్నగా ఉన్నావు," అన్నారు. "ఇందులో హీరోయిన్ నాకు నచ్చలేదు. తర్వాత మాట్లాడదాం."

రొతువా ఆంటీ పదకొండుకి వచ్చారు. కత్తిరించిన తెల్లటి జుట్టు, భుజం మీద ముదురు ఎరుపు నేత గుడ్డ. ఆ గుడ్డని ఉలోస్ అంటారని నాకు తెలుసు, దగ్గర నుంచి చూడటం అదే మొదలు. నన్ను చూసి "తిన్నావా?" అని తెలుగులో అడిగారు. హైమవతి ఆంటీ దగ్గర నేర్చుకున్న తెలుగు అది. మిగతా మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఇక్కడ నేను తెలుగులో రాస్తున్నాను. హైమవతి ఆంటీ పప్పు చూడటానికి వంటింట్లోకి వెళ్ళారు. మేమిద్దరం హాల్లో మిగిలాం. రొతువా ఆంటీ ఒక పొడవాటి అట్టపెట్టె తెరిచి, గుడ్డ మడతలు ఒక్కొక్కటే విప్పి, బాకుని సోఫా మీద నా పక్కన పెట్టి, "చూడు," అన్నారు.

అతను ఉన్నాడు. పుస్తకంలో కన్నా చిన్నగా, నా బొటనవేలంత. మోకాళ్ళ మీద చుబుకం. ముక్కు కొంచెం అరిగిపోయింది, ఎవరి బొటనవేలో ఎన్నో ఏళ్ళు అక్కడే ఆగినట్టు. పిడి తేనె రంగు ఎముక. ఒర నల్లటి చెక్క, దాని మీద ఇత్తడి కట్లు, ఒక్కో కట్టు మీద సన్నని చుక్కలు. కిటికీలోంచి వచ్చిన వెలుతురు ఆ చుక్కల్లో ఒక్కొక్క దానిలో కాసేపు నిలబడి వెళ్ళింది. నాకు వాన చప్పుడు వినిపించింది. బయట వాన లేదు. నేను ఎంతసేపు చూశానో తెలియదు. తల ఎత్తేసరికి ఆవిడ నన్నే చూస్తున్నారు.

"ఇది మా మామగారిది," అన్నారు. "ఆయన దీన్ని ఎప్పుడూ కోయడానికి వాడలేదు. పెద్దవాళ్ళు కూర్చున్న చోట నడుముకి పెట్టుకునేవారు. నీకెందుకు ఇది?"

పుస్తకం సంగతి చెప్పాను. నాలుగు వాక్యాలే. ఆవిడ తల ఊపారు. లేచి నిలబడి, భుజం మీద ఉలోస్ సర్దుకుని, బాకుని రెండు అరచేతుల మీదకి తీసుకున్నారు. వాళ్ళ భాషలో ఏవో కొన్ని మాటలు నెమ్మదిగా అని, నా వైపు చాపారు.

నా చేతులు రెండూ వాటంతట అవే వెనక్కి వెళ్ళాయి. "టేబుల్ మీద పెట్టండి ఆంటీ, తీసుకుంటాను," అన్నాను.

మా అమ్మమ్మ ఇంట్లో కత్తి, సూది, ఉప్పు చేతికి ఇచ్చేవారు కాదు. కింద పెడితే తీసుకోవాలి. చేతికిస్తే ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ గొడవలొస్తాయని. అమ్మమ్మ ఒక్క ఆదివారం కూడా చర్చి మానని మనిషి. ఇది బైబిల్లో లేదుగా అంటే, "బైబిల్లో లేదు, మనింట్లో ఉంది," అనేది. నాకు నడక ఎలా వచ్చిందో ఇదీ అలాగే వచ్చింది. ఎప్పుడు నేర్చుకున్నానో తెలియదు.

రొతువా ఆంటీ చేతులు కొంతసేపు గాలిలోనే ఉన్నాయి. తర్వాత ఆవిడ కూర్చుని, మళ్ళీ ఒక్కొక్క మడతా వేసి, బాకుని పెట్టెలో పెట్టి మూత వేశారు. ముఖంలో కోపం లేదు. "మంచిది. భోజనం చేద్దాం," అన్నారు. "దీని సంగతి నేను ఆలోచించుకోవాలి." పెట్టెని తన కోటు కింద, తలుపు దగ్గర పెట్టుకున్నారు. ఏదో తప్పు జరిగిందని మాత్రం తెలిసింది. నేను మాట్లాడిన తీరు నచ్చలేదేమో, లేదా నాలుగు వాక్యాలు చాలలేదేమో అనుకున్నాను. ఐదో వాక్యం కోసం వెతుకుతూ వాళ్ళ వెనకే వంటింట్లోకి వెళ్ళాను.

వంటింట్లో ముద్దపప్పు, వంకాయ వేపుడు సిద్ధంగా ఉన్నాయి. పచ్చడికి దోసకాయ సగమే కోశారు. రొతువా ఆంటీ ఒక చిన్న సీసా తెచ్చారు, వాళ్ళ ఊరి మిరియాలట. పంటి కింద పడితే నాలుక తిమ్మిరెక్కుతుంది. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఇంటి దోసకాయ పచ్చడిలో అవి పడుతున్నాయని హైమవతి ఆంటీ గొప్పగా చెప్పి, "తెనాలిలో తెలిస్తే వెలేస్తారు," అని నవ్వారు. ఆ నవ్వుతోనే, వెనక్కి తిరగకుండా, "రొతువా, కత్తి," అన్నారు.

రొతువా ఆంటీ సింకులో కత్తి కడిగి, పిడి ముందుకి తిప్పి చాపారు.

"అక్కడ పెట్టు."

కత్తి గట్టు మీద పడిన చిన్న చప్పుడు. రొతువా ఆంటీ చెయ్యి, అరచేయి పైకి ఉన్నది ఉన్నట్టే, ఒక్క క్షణం ఆగి, తువ్వాలుకి తుడుచుకుంది. కాసేపటి క్రితం నేను హాల్లో చూసిన చేతులే అవి. అప్పుడు అర్థమైంది.

కాన్వెంట్లో మాకు అడిగితేనే మాట్లాడమని నేర్పారు. ఇక్కడ ఎవరూ నన్ను అడగలేదు. ఊరుకుంటే బాకు పెట్టెలోనే కాల్గరీ వెళ్ళిపోతుంది. దానితో పాటు ఇంకొకటి కూడా వెళ్ళిపోతుందనిపించింది.

"ఆంటీ," అన్నాను తెలుగులో, "కత్తి అక్కడ పెట్టమని ఎందుకన్నారో ఆవిడకి తెలుసా?"

"ఎందుకేమిటమ్మా, కత్తి ఎవరైనా చేతికిస్తారా?"

"మనం ఇవ్వం. అది ఆవిడకి తెలుసా?"

హైమవతి ఆంటీ పొయ్యి తగ్గించారు. "తెలిసే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళ నుంచి వస్తోంది ఈ ఇంటికి."

"నేనూ ఇందాక అలాగే అన్నాను. బాకు పెట్టెలో పెట్టేశారు."

ఆవిడ తిరిగి రొతువా ఆంటీ వైపు చూసి, ఇంగ్లీషులో అడిగారు. రొతువా ఆంటీ దోసకాయ ముక్కలు ఒక వరుసలో సర్దుతూ ఉన్నారు.

"ఆపరేషన్ థియేటర్లో నా చేతిలోంచి స్కాల్పెల్ తీసుకునేదానివి," అన్నారు తర్వాత. "నా వైపు చూసేదానివి కూడా కాదు. చెయ్యి చాపితే నేను పెట్టేదాన్ని. నీ ఇంట్లో ఒక్కసారి కూడా నా చేతిలోంచి కత్తి తీసుకోలేదు. మీలో కొందరు కొందరి చేతిలోంచి ఏదీ పుచ్చుకోరని వార్డులో ఎవరో చెప్పారు. నేను పంది మాంసం తినేదాన్ని. అందుకేనేమో అనుకున్నాను."

"అడగొచ్చుగా."

"అవునంటావేమోనని."

హైమవతి ఆంటీ వంటింటి స్టూల్ మీద కూర్చున్నారు. చేతిలో గరిటె అలాగే ఉంది. "పిచ్చిదానా," అన్నారు తెలుగులో. ఆ మాట రొతువా ఆంటీకి తెలిసినట్టే ఉంది. తర్వాత ఇంగ్లీషులో, "నీతో గొడవ పడకూడదని. కత్తి చేతికిస్తే గొడవలొస్తాయి. మా అమ్మకి మా అమ్మమ్మ కూడా ఇచ్చేది కాదు. నచ్చనివాళ్ళయితే పోనీలే, గొడవొస్తే రానీ అని ఇచ్చేస్తాం."

"మరి థియేటర్లో?"

"అది కత్తి కాదు. ఇన్‌స్ట్రుమెంట్."

రొతువా ఆంటీ ఆలోచించారు. "థియేటర్లో మనం రోజూ గొడవ పడేవాళ్ళం."

"చూశావా," అన్నారు హైమవతి ఆంటీ. "ఊరికే అంటారా మరి."

ముందు ఎవరు నవ్వారో నాకు తెలియదు. రొతువా ఆంటీ నవ్వుతూనే తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, వాళ్ళ పద్ధతి చెప్పారు. వాళ్ళలో ఇచ్చేది ఏదైనా చేతి నుంచి చేతికి వెళ్ళాలి. కింద పెడితే పారేసినట్టు. పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారి నుంచి వెళ్ళే కానుకలన్నిటికీ, డబ్బయినా మాంసమయినా, పిసో అనే పేరు. ఆడపెళ్ళివారు బదులుగా ఉలోస్ తెచ్చి భుజాల మీద కప్పుతారు. పిసో ఇచ్చిన చేతులు ఖాళీగా ఇంటికి వెళ్ళవు. "నువ్వు పంపే డబ్బు అమ్మినందుకు," అన్నారు. "అమ్మడం ఫోన్లో కూడా అవుతుంది. ఇవ్వాలంటే నువ్వు రావాలి."

మేము హాల్లోకి వచ్చాం. ఆవిడ కోటు కింద నుంచి పెట్టె తీశారు. నా దగ్గర ఉలోస్ లేదు. మెడలో మంగళగిరి చున్నీ ఉంది, ఆకుపచ్చది, సన్నని జరీ అంచు. కెనడాకి వచ్చేటప్పుడు అమ్మమ్మ కొనిచ్చింది. మగ్గం మీద నేసినదే, అన్నాను. ఆవిడ అంచు వేళ్ళ మధ్య పెట్టి చూసి, తల ఊపారు. ఈసారి ఆ మాటలు అంటున్నప్పుడు నేను తల వంచుకుని విన్నాను. ఆవిడ చేతులు చాపారు. నా చేతులు మళ్ళీ వెనక్కి వెళ్దామని చూశాయి. అమ్మమ్మా, గొడవొస్తే నేను చూసుకుంటాను, అనుకున్నాను. పిడి నా అరచేతిలోకి వచ్చింది. ఎముక చల్లగా ఉంటుందనుకున్నాను. ఆవిడ చేతుల వేడి ఇంకా అందులో ఉంది. చున్నీ తీసి, ఎరుపు ఉలోస్ మీద ఆవిడ భుజాల చుట్టూ కప్పాను. "హొరాస్," అన్నారు ఆవిడ. క్షేమంగా ఉండమని.

మళ్ళీ వంటింట్లోకి వెళ్ళాం. భోజనాల ముందు మిగతా దోసకాయ కోయాల్సి ఉంది. హైమవతి ఆంటీ గట్టు దగ్గర నిలబడి, ఎటూ చూడకుండా, చెయ్యి పక్కకి చాపారు. అరచేయి పైకి.

"గొడవ పడతాం," అన్నారు రొతువా ఆంటీ.

"కాల్గరీ నుంచి ఫోన్ చేసి పడు."

రొతువా ఆంటీ కత్తిని ఆ అరచేతిలో పెట్టారు. ఎక్కడ పెట్టాలో ఆ చేతికీ ఈ చేతికీ తెలుసు.

ఐదింటికి సుధాకర్ అంకుల్ వచ్చారు. ఎండ తగ్గి చలి మొదలైంది. మెడ దగ్గర గాలి తగులుతోంది. "చున్నీ మర్చిపోయావమ్మా," అంటే, ఇచ్చేశానని చెప్పాను. బాకు చూస్తానని చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుని, "ఆగాగు, సీటు మీద పెట్టు, నేను తీసుకుంటా," అన్నారు. పెట్టాను. నాకు గొడవ లేదు. ఆయన పిడి మీది మనిషిని చాలాసేపు చూసి, "పాపం, ఎవరికోసమో కూర్చున్నాడు," అన్నారు. ఒరతో సహా గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టాం. హైవే మీద పొలాలు నీలంగా మారుతుంటే నేను నిద్రపోయాను. కలలో సరస్సు ఒడ్డున ఎవరో గుడ్డలు ఉతికి ఆరేస్తున్నారు. ఎరుపువీ, ఆకుపచ్చవీ.

ఇప్పుడు అతను నా గదిలో, డిక్షనరీల పక్కన, కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. రొతువా ఆంటీ కాల్గరీ వెళ్ళారు. ప్రతి ఆదివారం హైమవతి ఆంటీకి ఫోన్ చేసి గొడవ పడుతున్నారట, ఎక్కువగా దోసకాయ పచ్చడిలో మిరియాలు ఎన్ని వేయాలన్న దాని మీద. నేను ఇంట్లో ఇప్పటికీ కత్తి కిందే పెడతాను. అమ్మమ్మ అలా పెట్టింది ప్రేమతోనే. కాకపోతే ఆ ప్రేమ, కింద పెట్టమన్నవాళ్ళకి తెలిసినంతగా, చెయ్యి చాపినవాళ్ళకి తెలియదు. ఇన్నేళ్ళు పుస్తకాలు చదివి కూడా ఆ సంగతి నేను ఆలోచించలేదు.

మీరూ ఇలాంటి పాత వస్తువు కోసం ఎవరి ఇంటికైనా వెళ్తుంటే ఒక సలహా. డబ్బు మామూలుగా పంపండి, రసీదు కోసం అడగండి, పిడి అరుగుదల చూడండి. వస్తువు తీసుకునే ముందు మాత్రం, "మీలో ఇది ఎలా పుచ్చుకుంటారు?" అని అడగండి. మెడలో మీకు ఇష్టమైన చేనేత గుడ్డ ఒకటి వేసుకుని వెళ్ళండి. కారులో ఇంకో స్వెట్టరు ఉంచుకోండి. వచ్చేటప్పుడు చలిగా ఉంటుంది.